కాఫీకి ముందు అరగంట

ఈ అధ్యాయంలో మిమ్మల్ని తెల్లవారుజామున నాలుగింటికి లేవమని ఎక్కడా చెప్పను. చన్నీళ్ల స్నానం చెయ్యమనీ చెప్పను. పొద్దున్నే లేచేవాళ్లంతా గెలిచారని, గెలిచినవాళ్లంతా పొద్దున్నే లేచారని చెప్పే పుస్తకాలకు కొదవ లేదు. అవి చదివి అలారం నాలుగున్నరకు పెట్టుకుని, మూడు రోజులు లేచి, నాలుగో రోజు ఆఫీసులో కునికిపాట్లు పడి, ఐదో రోజు ‘మనవల్ల కాదులే’ అని దుప్పటి ముసుగేసుకున్నవాళ్లు ఇంటికొకరు ఉంటారు. వాళ్లకు పట్టుదల తక్కువని నేననుకోను. వాళ్లు మార్చింది గంట ఒక్కటే. లేచాక ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలో, ముందు రాత్రి ఏం సర్ది పెట్టుకోవాలో ఆలోచించలేదు. ఎన్నింటికి లేచినా, కళ్లు తెరిచిన దగ్గర్నుంచి ‘ఇప్పుడేంటి?’ అని వెతుక్కునే మనిషికి పొద్దు హడావుడిగానే తెల్లారుతుంది.

ఉదయం ప్రశాంతంగా గడిచిందా లేదా అని చూడ్డానికి నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. లేచాక మొదటి అరగంటలో ఎన్ని నిర్ణయాలు తీసుకోవాల్సి వచ్చింది? ఆ లెక్క సున్నాకు దగ్గరయ్యేకొద్దీ మనసు నెమ్మదిస్తుంది. రేడియో ఉన్న ఇళ్లలో పెరిగినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం నుంచి భక్తిరంజని వస్తూంటే ఒకరు వాకిట్లో, ఒకరు బావి దగ్గర. అది అయ్యేలోపు స్నానాలు. ఏడు దాటాక ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు మొదలయ్యాయంటే పిల్లలు పుస్తకాలు సర్దుకోవాలి. గడియారం వైపు చూసే పనే లేదు. ఇంటిల్లిపాదికీ ఒకటే వరుస, అదీ ఎవరో బయటివాళ్లు కట్టిపెట్టింది. ఇప్పుడు ఆ చోట్లో సెల్‌ఫోన్ ఉంది. రేడియో మనల్ని ఏదీ అడిగేది కాదు. ఫోను చేతికి తీసుకుంటే అన్నీ ప్రశ్నలే: ఈ మెసేజీకి ఇప్పుడే జవాబివ్వాలా, ఈ వీడియో చూడాలా, గ్రూపులో అందరూ పెట్టిన మందారపూల గుడ్‌మార్నింగులకు మనమూ ఒకటి పెట్టకపోతే బాగుండదా?

అరగంట అనే ఎందుకంటున్నానంటే, కళ్లు తెరవగానే మెదడంతా ఒక్కసారిగా మేలుకోదు. ఆ నిద్రమబ్బు మామూలుగా 15 నుంచి 30 నిమిషాలు ఉంటుంది. నిద్ర చాలనివాళ్లకు గంట దాకా కూడా సాగుతుంది. ఇదే సమయంలో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతూ, లేచిన 30 - 45 నిమిషాలకు హెచ్చు స్థాయికి చేరుతుంది. ఒంటిని పగటిపనికి సిద్ధం చేసే సహజమైన ఏర్పాటు అది. ఒకపక్క ఆలోచన మసకగా, మరోపక్క ఒళ్లు పనికి బిగిసి ఉన్న ఆ వేళలో ఆఫీసు మెయిలు తెరిచారనుకోండి. పదకొండింటికి చదివితే నవ్వి ఊరుకునే మాట కూడా అప్పుడు గుచ్చుకుంటుంది. అందుకే ఆ అరగంటకు కాపలా కాయాలి.

సూర్యుడి లెక్క వేరు

మన ఒంట్లో ఒక గడియారం ఉందన్న సంగతి అమ్మమ్మలకూ తెలుసు. అది జన్యువుల స్థాయిలో ఎలా నడుస్తుందో ఈగల మీద పరిశోధించి తేల్చినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు 2017లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. మనకు పనికొచ్చే విషయం ఏమిటంటే, చాలామందిలో ఈ గడియారం 24 గంటలకన్నా కొద్దిగా నెమ్మది. వదిలేస్తే రోజూ కొన్ని నిమిషాలు వెనక్కి జరుగుతుంది. దాన్ని మళ్లీ సరిచేసేది ముఖ్యంగా పొద్దుటి వెలుతురు. కంటి వెనక పొరలో, బొమ్మలు చూడ్డానికి కాకుండా వెలుతురు ఎంత ఉందో మెదడుకు చెప్పడానికే ఉన్న కణాలు కొన్ని ఉన్నాయి. ట్యూబ్‌లైటు వెలుగు వాటికి చాలదు. ఇంట్లో లైటు వేస్తే వెలుతురు ఒకటి రెండు వందల లక్సులు ఉంటుంది. మబ్బు పట్టిన రోజైనా సరే, ఆరుబయట అది వేలల్లోకి వెళుతుంది. కాబట్టి ధ్యానం, వ్యాయామం, పుస్తకం అన్నిటికన్నా ముందు నేను చెప్పేది, తలుపు తీసుకుని బయటికి రండి. డాబా మీదికి, బాల్కనీలోకి, వీధిలోకి, ఎక్కడికైనా. పది పదిహేను నిమిషాలు చాలు. సూర్యుడి వంక నేరుగా చూడనక్కర్లేదు, చూడకూడదు కూడా.

వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లి ముగ్గుపెట్టే ఆడవాళ్లకు ఈ వెలుతురు అడక్కుండానే దక్కేది. అపార్ట్‌మెంట్లకు వచ్చాక ముగ్గు స్టిక్కరైపోయింది. వెలుతురుకు స్టిక్కర్ దొరకదు.

ఇక్కడ బ్రాహ్మీ ముహూర్తం సంగతి ఎత్తక తప్పదు, ఎందుకంటే నాలుగింటికి లేవమనేవాళ్లంతా దాన్నే అడ్డం పెట్టుకుంటారు. వాగ్భటుడి ఆయుర్వేద గ్రంథం అష్టాంగ హృదయంలో దినచర్య మీద ఒక అధ్యాయమే ఉంది. అందులో మొదట్లోనే ఆ ముహూర్తంలో లేవమని చెప్పాడు, నిజమే. కానీ చెప్పింది ఆరోగ్యంగా ఉన్న మనిషికి. బ్రాహ్మీ ముహూర్తం గోడ గడియారానికి కట్టిన వేళ కూడా కాదు. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉంటుంది. సంక్రాంతి రోజుల్లో హైదరాబాద్‌లో సూర్యుడు ఆరూ ముప్పావు దాటితే గాని రాడు, అంటే ముహూర్తం మొదలయ్యేది ఐదుంబావు ప్రాంతంలో. జూన్‌లో ఐదూ నలభైకే తెల్లారిపోతుంది, అప్పుడు ముహూర్తం నాలుగింటికి. మన దేశపు ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడకు దగ్గర్లో వెళుతుంది. కాబట్టి గోదావరి జిల్లాల్లో గడియారమూ సూర్యుడూ దాదాపు ఒక మాట మీద ఉంటారు. హైదరాబాద్‌లో సూర్యుడు ఓ పావుగంట ఆలస్యం. ఏడాది పొడుగునా ఒకే గంటకు, చీకట్లో లేచి లైటు కింద కూర్చోమని ఆ శాస్త్రం అనలేదు. పైగా ఆ కాలంవాళ్లు దీపాలు పెట్టాక కాసేపటికే పక్క ఎక్కేవాళ్లు. ధనుర్మాసంలో తెల్లవారక ముందే గుడికి వెళ్లే పెద్దవాళ్లు ఇప్పటికీ రాత్రి తొమ్మిదికల్లా పడుకుంటారు, గమనించండి.

పెద్దవాళ్లకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలి. ఐదింటికి లేవాలంటే పదింటికల్లా నిద్రపట్టాలి. తొమ్మిదిన్నరకు భోజనం, పదకొండున్నర దాకా సీరియలో ఫోనో ఉన్న ఇంట్లో ఐదింటి అలారం అంటే రోజూ గంటన్నర అప్పు చెయ్యడమే. మీరు లేచే వేళ ఏదైనా ఫర్వాలేదు. ఐదున్నర కావచ్చు, ఆరున్నర కావచ్చు. ఆ వేళ రోజూ ఒకటే ఉండాలి, దాని వెనక 7 గంటలు ఉండాలి.

పిల్లల విషయంలో మాత్రం ఇంకాస్త జాలి కావాలి. పన్నెండు పదమూడేళ్లు దాటాక వాళ్ల ఒంటి గడియారమే వెనక్కి జరుగుతుంది. రాత్రి పదకొండు దాకా నిద్ర రాకపోవడం ఎప్పుడూ మొండితనం వల్లే కాదు. ఆ వయసులో 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం 2014లోనే హైస్కూళ్లు ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టొద్దని సూచించింది. మన దగ్గర ఇంటర్ హాస్టళ్లలో తెల్లవారుజామునే బెల్లు కొట్టి స్టడీ అవర్‌కు కూర్చోబెడతారు. దాన్ని క్రమశిక్షణ అనడానికి నాకు నోరు రాదు.

రాత్రి నానబెట్టేది పప్పు ఒక్కటే కాదు

తెలుగు వంటింటికి ఒక సత్యం ఎప్పుడో తెలుసు. రేపు పొద్దున ఇడ్లీ కావాలంటే ఇవాళ మధ్యాహ్నమే మినప్పప్పు నానాలి, సాయంత్రం పిండి రుబ్బాలి, రాత్రంతా అది పులవాలి. ఇడ్లీ రోజున పొద్దున వంటింట్లో గొడవే ఉండదు, కుక్కరు పొయ్యి మీద పెట్టి పక్కకు రావచ్చు. గొడవంతా పిండి లేని రోజునే. ‘ఈపూట టిఫినేంటి?’ అన్న ఒక్క ప్రశ్న మీద ఆరున్నరకు ఇంట్లో నలుగురూ నాలుగు మాటలంటారు. వారం మొత్తానికి ఏ రోజు ఏ టిఫినో ఆదివారం నాడే ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించిన ఇంట్లో ఆ ప్రశ్న పుట్టదు. గురువారం ఉప్మా అంటే ఉప్మానే, ఎవరు మూతి ముడుచుకున్నా.

మిగతావీ ఇలాగే. వేసుకునే బట్టలు, ఇస్త్రీతో సహా. బండి తాళం, ఐడీ కార్డు, స్కూలు డైరీలో సంతకం, క్యారేజీలోకి కూర తరుక్కోవడం, పాల ప్యాకెట్ల సంచి గేటుకు తగిలించడం. పడుకోబోయే ముందు ఇవన్నీ కలిపి ఇరవై నిమిషాలు పడతాయి. పొద్దున అవే పనులకు రెండింతలు పడుతుంది, అరుపులు అదనం.

ఫోను పడకగదిలో ఉండకూడదు. ‘అలారం కోసమండీ’ అంటారు అందరూ. గంట కొట్టే చిన్న గడియారం కొనుక్కోండి, ఫ్యాన్సీ షాపుల్లో దొరుకుతుంది. ఫోను హాల్లో ఛార్జింగుకు పెట్టండి. విదేశాల్లో పిల్లలున్నవాళ్లు, వాళ్ల ఫోన్ రాత్రిపూట వస్తే తెలియాలనుకునేవాళ్లు, మోగితే వినబడేంత దగ్గర్లో, చెయ్యి చాస్తే అందనంత దూరంలో పెట్టండి.

సాయంత్రం టీ కాఫీల గురించి కూడా ఒక మాట. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి ఎనిమిదింటికి స్నేహితులతో తాగిన ఇరానీ చాయ్ ఒంటిగంట దాకా సగం మిగిలే ఉంటుంది. పొద్దుటి కాఫీ జోలికి మాత్రం నేను రాను. లేచిన తొంభై నిమిషాల దాకా కాఫీ తాగకూడదని ఈమధ్య తిరుగుతున్న సలహాకు గట్టి ఆధారం నాకు కనబడలేదు.

గుంటూరులో ఒక ఇల్లు అనుకుందాం

ఆవిడ పక్క మండలంలో హైస్కూల్ టీచరు, ఏడూ నలభై అయిదుకు బస్సు. ఆయనకు బ్యాంకులో ఉద్యోగం, పదింటికి వెళితే చాలు. ఇద్దరు పిల్లలు, అత్తగారు. మునిసిపల్ కుళాయి ఆరింటికి వస్తుంది, గంటే వస్తుంది. ఆయన ఎవరో ఇచ్చిన పుస్తకం చదివి ఐదూ నలభై అయిదు నుంచి ఆరున్నర దాకా ధ్యానం మొదలుపెట్టాడు. ఆరింటికి కుళాయి వచ్చింది, పాలు పొంగుతున్నాయి, చిన్నవాడికి ఒక సాక్సు దొరకడం లేదు. ‘నాన్న ధ్యానంలో ఉన్నారు, అరవకు’ అని ఆవిడ అరుస్తుంది. నెల తిరిగేసరికి ఆయన ఆఫీసులో అందరికీ చెబుతాడు, పొద్దున్నే ఎంత ప్రశాంతంగా ఉంటుందో.

ఒక మనిషి ప్రశాంతతను ఇంకో మనిషి మోస్తున్న ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనికి అది చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. ఆ ఇంటిపనిలో పెద్ద ముక్క పొద్దున్నే ఉంటుంది. కాబట్టి వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో సాధారణంగా కనబడని ఒక మెట్టు ఇక్కడ పెడుతున్నాను: ఏ దినచర్యనూ ఎవరూ తమ ఒక్కరి కోసమే రాసుకోవద్దు. ఇంట్లో అందరూ కూర్చుని ఆరింటికీ ఏడింటికీ మధ్య పనులు ఒక కాగితం మీద పెట్టండి. ఒక్కో పని పక్కన ఒక్కో పేరు రాయండి. ఎవరి పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ఆ కాగితం చూశాక పెద్దగా వాదన అక్కర్లేదు.

ఆ ఇంట్లోనే ఇంకో సంగతి ఉంది. ఆవిడకు థైరాయిడ్. లేవగానే పరగడుపున మాత్ర వేసుకుని అరగంట నుంచి గంట దాకా కాఫీ, టిఫిన్ ముట్టుకోవద్దని డాక్టర్లు చెబుతారు. కాఫీ వెంటనే తాగితే ఆ మందు ఒంటికి సరిగా పట్టదు. ఆవిడ మాత్ర మింగి నేరుగా వంటింట్లోకి వెళ్లి, పది నిమిషాల్లో కాఫీ తాగేసేది, తీరిక లేక. ఆ అరగంటను తీరికగా మార్చుకోవచ్చు. ఐదున్నరకు మాత్ర. మంచినీళ్ల గ్లాసు చేత్తో పట్టుకుని డాబా మీదికి. తులసికి, నాలుగు కుండీలకు నీళ్లు. అయిదు నిమిషాలు కూర్చుని నింపాదిగా ఊపిరి. కిందికి వచ్చేసరికి అత్తగారు డికాషన్ తీసి ఉంచుతుంది. కుళాయి ఆయన పని. మాత్రకూ కాఫీకీ మధ్య ‘అమ్మా’ అని ఎవరూ పిలవకూడదు, ఇల్లు అంటుకుంటే తప్ప. ఆయన ధ్యానం ఎక్కడికీ పోదు, ఆవిడ బస్సెక్కాక ఎనిమిదింటికి చేసుకోవచ్చు. పదింటి దాకా ఆయనకు తొందరేముంది?

థైరాయిడ్ లేనివాళ్లకు ఇలాంటి ఆసరా ఇంకోటి ఉంటుంది. బీపీ మాత్ర కావచ్చు, పాల ప్యాకెట్ లోపలికి తేవడం కావచ్చు, పళ్లు తోముకోవడం కావచ్చు. ఎలాగూ రోజూ తప్పని పని ఒకటి చూసుకుని, కొత్త పనిని దాని వెనక కట్టాలి. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాసిన వ్యాసంలో చెప్పింది దాదాపు ఇదే. ‘రోజూ కాసేపు వ్యాయామం చేస్తాను’ అనుకున్నవాళ్లకన్నా, ఎప్పుడు, ఎక్కడ, దేని తర్వాత చేస్తారో ముందే తేల్చుకున్నవాళ్లు ఆ పని చేసే అవకాశం ఎక్కువ. కాబట్టి ‘పళ్లు తోముకోగానే చెప్పులేసుకుని డాబా ఎక్కుతాను’ అని ఒక వాక్యంగా రాసుకోండి. వాక్యంలో చెప్పులు కూడా ఉండాలి.

ఊపిరి గురించి అన్నాను కదా, నేను సిఫారసు చేసేది చాలా మామూలుది. నాలుగు అంకెలు లెక్కపెడుతూ లోపలికి, ఆరు అంకెలు లెక్కపెడుతూ బయటికి. ఒక్కోటి పది సెకన్లు, ముప్పై ఊపిరులకు అయిదు నిమిషాలు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, అందుకే వదిలేది పొడుగ్గా ఉండాలి. జపం అలవాటున్నవాళ్లు జపం చేసుకోండి, నమాజు చేసేవాళ్లకూ ప్రార్థన చదువుకునేవాళ్లకూ నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, వాళ్ల వరుస ముందే ఉంది. కళ్లు మూసుకుంటే మనసు ఇంకా పరిగెత్తేవాళ్లు కొందరుంటారు. వాళ్లు చేతులకు పని చెప్పాలి: ముగ్గు, మొక్కలు, పూలు కోయడం. (సొంత చెట్టువి. మార్నింగ్ వాక్ పేరుతో పక్కింటి గోడ మీది నందివర్ధనాలు సంచిలో వేసుకునేవాళ్ల ప్రశాంతత మీద నాకు అనుమానాలున్నాయి.)

నడకకు వెళ్లే షుగర్ పేషెంట్లకు ఒక జాగ్రత్త. ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా కిందికి దించే కొన్ని మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు పరగడుపున గంటసేపు నడిస్తే చక్కెర పడిపోయి కళ్లు తిరగవచ్చు. మీ డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టండి, జేబులో రెండు పంచదార బిళ్లలు ఉంచుకోండి.

తప్పిన రోజు

ఇరవై ఒక్క రోజులు చేస్తే అలవాటైపోతుందని ఒక ప్రచారం ఉంది. ఆ అంకె మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం నుంచి వచ్చింది. ఆపరేషన్ అయ్యాక కొత్త ముఖానికి అలవాటు పడ్డానికి తన పేషెంట్లకు కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. ముఖం సంగతి పోయి అలవాట్ల సంగతైంది, కనీసం అన్న మాట జారిపోయింది. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మంది మీద 12 వారాలు చేసిన అధ్యయనం 2010లో పత్రికలో అచ్చయింది. ఒక పని ఆలోచించకుండా చేసే స్థాయికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 దాకా ఉంటుందని వాళ్ల అంచనా. అందులోనే ఇంకో మంచి మాట తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు స్థిరపడడంలో పెద్ద తేడా రాలేదు.

తప్పడం ఎలాగూ తప్పదు. చుట్టాలొస్తారు, హాల్లో పక్కలు పరుస్తారు. పెళ్లికి వెళ్లి అర్ధరాత్రి ముహూర్తం చూసి వస్తారు. పిల్లాడికి జ్వరం. అలాంటి రోజులకు ఒక పొట్టి వరుస ముందే అనుకుని ఉంచండి: మంచినీళ్లు, గుమ్మం బయట రెండు నిమిషాలు, పది ఊపిరులు. నాలుగు నిమిషాలు కూడా పట్టదు, కానీ వరుస అదే ఉంటుంది. పెద్ద వరుస కుదరలేదని మొత్తం మానేసేవాళ్లే వెంటనే జారిపోతారు.

ఆదివారం తొమ్మిదింటి దాకా పడుకుంటే సోమవారం పొద్దున ఒళ్లు రాదు. వారంలో రెండు రకాల గడియారాలు నడపడాన్ని జర్మన్ శాస్త్రవేత్త టిల్ రోనెబెర్గ్ విమాన ప్రయాణపు అలసటతో పోల్చి ఒక పేరు కూడా పెట్టాడు. ఒక గంట ఎక్కువ పడుకోండి, అంతకు మించొద్దు. మటన్ షాపు దగ్గర లైను తక్కువుండే వేళ కూడా అదే.

రాత్రి షిఫ్టులవాళ్లు ఇదంతా చదివి తమకు కాదనుకోవచ్చు. మాదాపూర్‌లో అమెరికా వేళలకు పనిచేసేవాళ్లకు, ఆసుపత్రి నర్సులకు ఉదయం అంటే మధ్యాహ్నం రెండు కావచ్చు. లేచాక వరుస వాళ్లకూ అదే, వెలుతురుతో సహా. తేడా అంతా ఇంటికి వచ్చేటప్పుడు. తెల్లారి డ్యూటీ దిగినప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకోవాలి, పడుకునే గదికి మందపు కర్టెన్లు వేసుకోవాలి. సొంతంగా బండి నడిపితే మాత్రం అద్దాల సంగతి మర్చిపోండి, నిద్ర ముంచుకొస్తుంది. షిఫ్టు వారం వారం మారుతుంటే ఒకే వేళ పెట్టుకోవడం అయ్యే పని కాదు. అప్పుడు వరుస ఒక్కదాన్నే పట్టుకోండి.

మొదలుపెట్టడానికి సోమవారం కోసం, ఉగాది కోసం చూడొద్దు. ఈ రాత్రి ఫోను హాల్లో పెట్టండి. రేపటి టిఫినేదో ఇప్పుడే అనుకోండి. మీరు లేచే వేళకు కుళాయి దగ్గర ఎవరుండాలో, పాలు ఎవరు కాచాలో ఇంట్లోవాళ్లతో మాట్లాడండి. ఈ మూడో పని మిగతా రెండిటికన్నా కష్టం, దానికి భోజనాలయ్యాక ఓ గంట కేటాయించండి.